కుక్క మాత్రా, అత్తగారి చీరా

మా అత్తగారంటే నాకు అసూయ అని చెబితే, వినేవాళ్ళు మా ఆయన గురించో వంట గురించో నగల గురించో అనుకుంటారు. అవేవీ కాదు. మా ఆయన్ని ఆవిడ ఎప్పుడో నాకు వదిలేసింది, వంటని నేను ఆవిడకి వదిలేశాను. నా ఏడుపంతా ఒక కుక్క దగ్గర. జాతికుక్క కూడా కాదు, మామూలు వీధికుక్క. గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. వాణ్ణి "అది" అనడం నాకు రాదు. ఇంట్లో ఎవరికీ రాదు.

అనకాపల్లిలో ఒక మందుల షాపులో నేను ఫార్మసిస్టుని. షాపు నాది కాదు, గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టిన సర్టిఫికెట్టు మాత్రం నాది. ఒక వానాకాలం సాయంత్రం షట్టరు వారగా తడిసి వణుకుతున్న కుక్కపిల్లని చున్నీలో చుట్టి, స్కూటీ మీద ఇంటికి తెచ్చింది నేను. ఆ రోజు మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఏమందో నాకు బాగా గుర్తుంది.

"ఏటే ఇది? లోపలికి తేకు. పెరట్లో కట్టీ, తెల్లారేక ఎవలికైనా ఇచ్చీద్దాం."

ఈ మాట ఆవిడకి ఇప్పుడు గుర్తు లేదట. అడిగితే, "నానెందుకలగంతాను?" అంటుంది.

మొదటి ఏడాదిన్నర వాడు నా వాడే. సందు మొదట్లో నా స్కూటీ చప్పుడు వినిపిస్తే చాలు, గేటు మీదికి ఎగిరేవాడు. నా చెప్పుల మీద తల పెట్టుకుని పడుకునేవాడు. నేను పెట్టిన పేరు ఒకసారి పిలిస్తే పలికేవాడు. మా అత్తగారు వాణ్ణి ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు, ఆవిడకి నోరు తిరగలేదు. "నాన్నా" అని పిలిచేది. వాడు దానికీ పలికేవాడు. కుక్కకి రెండు పేర్లుంటే తప్పేముందని ఊరుకున్నాను. అప్పుడే ఊరుకోకుండా ఉండాల్సింది.

ఒక మధ్యాహ్నం నేను షాపులో ఉండగా వాడికి ఫిట్సొచ్చాయి. మా ఆయన పరవాడ వైపు ఒక కంపెనీలో షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే. వాడు కాళ్ళు కొట్టుకుంటూ నురగ కక్కుతుంటే, కొంగులో చుట్టి ఎత్తుకుని, రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఇంజెక్షను చేసి, చీటీ రాసి, ఈ మందు మా దగ్గర ఉండదు, మనుషుల మందుల షాపులోనే దొరుకుతుంది అని చెప్పి పంపింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఫోన్ చేయలేదేమని అడిగితే, "నువ్వు డూటీలో ఉంతావు గదా" అంది.

నాకు తెలిసిన తీరు వేరు. కౌంటర్ దగ్గర ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళ వెనకాల మా అత్తగారు, భుజం మీద నిద్రపోతున్న కుక్కతో. పక్కకొచ్చి నన్ను పిలవలేదు. దగ్గు మందు ఆయనా, గ్యాస్ మాత్రల ఆవిడా, ఇంకొకాయనా అయ్యేదాకా వరసలోనే నిలబడింది. తన వంతు వచ్చాక చీటీ గాజు మీద పెట్టి, "ఈ మాత్రలియ్యమ్మా" అంది.

చీటీ చదివాను. ఫినోబార్బిటోన్, అరవై మిల్లీగ్రాములు, పొద్దునొకటి, రాత్రొకటి. కుక్క, మగ, పద్దెనిమిది కిలోలు. కింద యజమాని పేరు. అక్కడ మా అత్తగారి పేరుంది, ఇంటిపేరుతో సహా.

వాడికి జబ్బొచ్చిందన్న గాబరా ఒకవైపు, ఆ పేరు చూసిన మంట ఒకవైపు. రెండిట్లో ఏది ముందొచ్చిందో నిజం చెప్పమంటే, నేను చెప్పను.

అప్పుడే మా ఓనరు నా భుజం మీంచి తొంగిచూసి, "మేడం, కుక్క చీటీకి ఈ మందియ్యొచ్చా? ఇది మామూలు మాత్ర కాదు కదా. రేపెవరైనా వచ్చి అడిగితే?" అన్నాడు. ఆయన భయం ఆయనది. నేను చదివింది నాకు నోటికొచ్చు కాబట్టి గడగడా చెప్పేశాను.

"ఇవ్వొచ్చండీ. పశువుల డాక్టరు కూడా రిజిస్టరైన డాక్టరే. చీటీ మీద సంతకం, తేదీ, రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. మనిషికైతే రోగి పేరు రాయాలి, జంతువుకైతే యజమాని పేరు, చిరునామా రాయాలి. అన్నీ ఉన్నాయి."

"యజమాని ఎవరు?"

"ఈవిడే" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. బిల్లు మీద ఆవిడ పేరు నా చేత్తోనే రాశాను. మాత్రల స్ట్రిప్పు కవర్లో వేసి ఇస్తూ, "ఒక్క పూట కూడా మానకూడదు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చేస్తాయి" అని వేరేవాళ్ళకి చెప్పినట్టే చెప్పాను. ఆవిడ కూడా వేరేవాళ్ళలాగే తల ఊపింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"కుక్కని తెచ్చింది నేను కదా అత్తయ్యా, చీటీలో మీ పేరు రాయించారేంటి?"

"డాట్రమ్మ అడిగింది, నా నోటికొచ్చింది నాను సెప్పేను. ఎవలి పేరయితే ఏటమ్మా. ఆడికి తగ్గితే సాలు."

ఆవిడ మాట తప్పైతే పోట్లాడొచ్చు. ఆవిడ ఎప్పుడూ అలా దొరకదు, అదే నా బాధ. పైనెల కొత్త చీటీ రాయించేటప్పుడు నేను వెళ్ళి నా పేరు రాయించుకుంటాననుకుని పడుకున్నాను.

మాత్ర వేసే పని నాదే అన్నాను. చదువుకున్నదాన్ని కదా. పై దవడ పట్టుకుని నోరు తెరిచి, మాత్రని నాలుక వెనక పెట్టి, నోరు మూసి, గొంతు మీద కిందికి నిమరాలి. పుస్తకంలో ఉన్నట్టే చేశాను. మాత్ర లోపలికి పోయింది. వాడు నా వైపు ఒక చూపు చూశాడు. ఏం తప్పు చేశానని ఇలా చేస్తున్నావు అన్నట్టు చూశాడు. నేను చేయి తీయగానే మా అత్తగారు, "సేదుగా ఉంతాది పాపం" అని ఒక బెల్లం ముక్క వాడి నోట్లో పెట్టింది. మునగపాక బెల్లం. ఆవిడ పుట్టింటివాళ్ళ చెరకు, వాళ్ళే వండింది. ఇంట్లో పంచదార డబ్బా ఖాళీ అయినా ఫరవాలేదు గానీ ఆ బెల్లం అయిపోకూడదు.

రోజూ ఇదే తంతు. చేదు నాది, తీపి ఆవిడది. వారం తిరక్కుండానే నేను స్ట్రిప్పు చింపిన చప్పుడుకే వాడు మంచం కిందికి దూరడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత స్ట్రిప్పు కూడా అక్కర్లేకపోయింది, నా స్కూటీ చప్పుడు చాలు. గేటు మీదికి ఎగిరే కుక్క పెరట్లోకి పరుగెత్తేది.

సిరప్పు తెచ్చి చూశాను. పిల్లలకిచ్చే సిరప్పుల్లో, ముఖ్యంగా షుగర్ లేనివాటిలో, కలిపే తీపి ఒకటుంటుంది, అది కుక్కలకి విషం. అందుకని లేబులంతా చదివి, డాక్టరమ్మకి ఫోన్ చేసి ఖాయం చేసుకుని మరీ తెచ్చాను. వాడు తల విదిలించాడు. గోడ మీద ఎర్రటి చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, సున్నం వేయించినా కనిపిస్తాయి.

చివరికి మా అత్తగారు నా చేతిలోంచి మాత్ర తీసుకుంది. పెరటి గుమ్మం దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, బెల్లాన్ని రెండు వేళ్ళతో మెత్తగా పిసికి, మాత్ర లోపల పెట్టి ఉండ చుట్టింది. వాడు మంచం కింది నుంచి వచ్చి, ఎదురుగా కూర్చుని, తోక ఊపుతూ తిన్నాడు.

"మీ మాఁవకి బీపీ మాత్తర ఇలగే ఏసీదాన్ని" అంది. "ఆయనా నోరు తెరిసీవోడు కాదు."

అలా వాడి మందు పనీ, నెలనెలా చీటీ రాయించే పనీ నా చేతుల్లోంచి పోయాయి. వాడూ పోయాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట పూర్తిగా అర్థం కాదు. మా కుక్క చీటీ దగ్గర మొదలై, డాక్టరమ్మ మనుషుల మందులన్నిటికీ మా షాపుకే పంపడం మొదలుపెట్టింది. కశింకోట నుంచీ సబ్బవరం నుంచీ కూడా వచ్చేవాళ్ళు. దురదకి మాత్ర రాస్తే, జలుబు మందు కలిసినది కాకుండా ఉత్తది చూసి ఇచ్చేదాన్ని. బరువు అడిగి, చీటీలో ఉన్నదానితో లెక్క చూసేదాన్ని. థైరాయిడ్ మాత్ర కుక్కకి మనిషి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రాస్తారు. మొదటిసారి చూసి తప్పేమో అనుకుని డాక్టరమ్మని అడిగాను. సరిగ్గానే రాశానంది. నేను వేసుకునేది యాభై మైక్రోగ్రాములు, ఆ చీటీ తెచ్చినవాళ్ళ లాబ్రడార్ కుక్క వేసుకునేది పూటకి ఆరొందలు. దాన్ని చూసినా నాకు కళ్ళు కుట్టాయంటే నమ్ముతారా? దానికి మాత్ర వేయడానికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లేస్తారట. ఒకాయన పిల్లికి జ్వరమని పారాసెటమాల్ అడిగితే, చీటీ లేకుండా ఇవ్వనన్నాను, ఆ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుందని చెప్పి డాక్టరమ్మ దగ్గరికి పంపాను. తర్వాత ఆయన ఆ పిల్లిని బుట్టలో పెట్టుకుని షాపుకొచ్చి చూపించాడు. అది నా చేయి నాకింది.

ఊళ్ళో కుక్కలూ పిల్లులూ నా చేతి మందు తిని బాగుపడుతున్నాయి. "మీ దగ్గర తీసుకుంటే ధైర్యం మేడం" అంటారు. నేను నవ్వుతాను. ఇంటికెళ్తే నా కుక్క నన్ను చూసి పెరట్లోకి పోతుంది. పెరట్లో ఆవిడుంటుంది. ఆవిడ ఒళ్ళో తల పెడుతుంది నా కుక్క. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వాడితో మాట్లాడుతూ ఉంటుంది, ఒక్కోసారి ఎవరితోనూ చెప్పని మాటలు చెబుతుంది. మా మామగారు పోయాక ఆవిడ అంతసేపు మాట్లాడడం నేను వినలేదు. ఇది చూసి సంతోషపడే మంచి కోడళ్ళు ఎక్కడైనా ఉంటే ఉండనీండి. నేను గుమ్మంలో నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

మునగపాకలో ఆవిడ తమ్ముడి గృహప్రవేశం వచ్చింది. మూడు రోజులు వెళ్ళాలి. కుక్కని తీసుకెళ్తానంది. ఫిట్స్ ఉన్న కుక్కని ఆ మైకుల మధ్యకీ జనం మధ్యకీ వద్దన్నాను. నేను చూసుకుంటానన్నాను.

"నువ్వు పెడితే తింతాడేటి?"

"నేను ఫార్మసిస్టుని అత్తయ్యా."

ఆవిడ బెల్లం డబ్బా గట్టు మీదికి జరిపి, షేరాటో ఎక్కి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టాను. వాడికి తాడు కట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా వాడు సీటుకి ఆ చివర కూర్చున్నాడు. డాక్టరమ్మ వాడి కళ్ళు చూసి, బరువు చూసి, అంతా బాగుంది, అదే మోతాదు వాడండి అని కొత్త చీటీ రాయబోయింది.

"యజమాని పేరు పాతదేనా మేడం?"

"కాదు. నాది రాయండి" అన్నాను.

రాసింది. ఆ చీటీ పట్టుకుని షాపుకెళ్ళి వాడి మందు నేనే తీసి, బిల్లు మీద నా పేరు నేనే రాసుకున్నాను. మా ఓనరు చూసి, "ఏంటి మేడం, కుక్క మారిందా?" అన్నాడు. "కుక్క అదే, యజమాని మారింది" అన్నాను. గర్వంగా ఇంటికొచ్చాను. కౌంటర్ ముందు వరసలో నిలబడ్డ రోజు ఆవిడ ముఖంలో ఎంత ధీమా ఉందో, ఇప్పుడు నా ముఖంలో అంత ఉండి ఉంటుంది.

రాత్రి ఎనిమిదింటికి మాత్ర. చేతులు సబ్బుతో కడిగాను, శనగపిండితో ఇంకోసారి రుద్దాను. బెల్లం పిసికి, మాత్ర పెట్టి, ఉండ చుట్టి వాడి పేరు పెట్టి పిలిచాను. మంచం కింద రెండు కళ్ళు మెరిశాయి గానీ మనిషి కదల్లేదు. మనిషంటున్నాను, చూడండి. ఉండని మంచం కిందికి తోశాను. కాసేపటికి నాకుతున్న చప్పుడు వినిపించింది. వంగి చూస్తే బెల్లమంతా తిని, మాత్రని కడిగి పెట్టినట్టు సిమెంటు మీద వదిలేశాడు. రెండో ఉండ చేశాను. దాన్ని వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. నోరు తెరిపించి వేద్దామని మంచం కిందికి చేయి పెడితే, వాడు గుర్రుమన్నాడు. నా మీద, చున్నీలో చుట్టి తెచ్చినదాని మీద.

మా ఆయన షిఫ్టులో ఉన్నాడు, ఇంట్లో ఉన్నా కుక్కకి మాత్ర వేయడం ఆయన వల్ల కాదు. టైము దాటిపోతోంది. ఒక్క పూట కూడా మానకూడదని ఎంతమందికి చెప్పానో, ఆ మాటలన్నీ చెవుల్లో మోగుతున్నాయి. వాడు నేల మీద కొట్టుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు, ఆవిడే చూసింది. ఇప్పుడు నేను ఒక్కదాన్ని ఉండగా చూడాల్సి వస్తుందేమో. చీటీ టేబుల్ మీద ఉంది. యజమాని గడిలో నా పేరు ఉంది. వాడికి చదువు రాదు కదా.

ఫోన్ చేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అయినా చేశాను. అవతల మైకు మోగుతోంది. ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నట్టుంది, చప్పుడు తగ్గింది.

"తినలేదా?"

"లేదత్తయ్యా."

సెప్పేను కదా అంటుందని కాచుకున్నాను. అనలేదు. అన్నా బాగుండేది.

"నీ ఒంటికి మందుల కొట్టు వాసనుంతాది అమ్మా. నీకు తెల్దు, ఆడికి తెలుసు. నా నీలం సీర దండెం మీదుంది, ఉతకలేదు. అది కట్టుకో. దీపం తీసీసి పెరటి గుమ్మం దగ్గర కాళ్ళు సాపి కూకో. పేరెట్టి పిలవకు. అసలు మాటాడకు. ఆడే వత్తాడు."

పేరెట్టి పిలవకు. నేను పెట్టిన పేరు.

నీలం చీర కట్టుకున్నాను. పసుపు, పొగ, వక్క, ఎండిన చెమట, అన్నీ కలిసిన వాసన. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడ వాసన అంత దగ్గరగా నాకు తెలియడం అదే మొదలు. దీపం తీసేసి, ఆవిడ కూర్చునే చోట, ఆవిడలాగే కాళ్ళు చాపి కూర్చున్నాను. ఒళ్ళో బెల్లం ఉండ.

కాసేపటికి గోళ్ళ చప్పుడు వచ్చింది. వాడి ముక్కు కుచ్చిళ్ళకి తగిలింది, తర్వాత మోకాలికి, తర్వాత అరచేతికి. ఉండ మింగాడు. కింద ఏమైనా పడిందేమోనని చేత్తో తడిమాను, ఏమీ లేదు. వాడు ఒక చుట్టు తిరిగి, నిట్టూర్చి, నా ఒళ్ళో తల పెట్టాడు. ఎన్ని నెలలకో! నిమరబోయి చేయి ఆపుకున్నాను. ఆవిడ ఎలా నిమురుతుంది? చెవి వెనకా, గొంతు కిందా? నాకు గుర్తు రాలేదు. తప్పుగా నిమిరితే లేచిపోతాడేమోనని చేయి గాల్లోనే ఉంచేశాను.

ఫోన్ మోగకుండా వెలిగింది. ఎత్తితే అత్తగారు, "తిన్నాడా?" అని గుసగుసగా అడిగింది.

"తిన్నాడు" అన్నాను, నేనూ గుసగుసగానే. తల పెట్టుకున్న సంగతి చెప్పలేదు. అది నాది.

మూడు రోజులూ పొద్దునా రాత్రీ నీలం చీర కట్టాను. మూడు రోజులూ నోరు మూసుకున్నాను. ఒక్క పూట తప్పలేదు, ఫిట్స్ రాలేదు. నాలుగో రోజు మా అత్తగారు గృహప్రవేశం లడ్డూలతో ఆటో దిగింది. వాడు గేటు మీదికి ఎగిరాడు. నన్ను దాటుకుంటూ వెళ్ళి ఎగిరాడు.

ఆ రాత్రి ఆవిడ స్నానం చేసి, తమ్ముడు పెట్టిన కొత్త చీర కట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. గంజి వాసన కూడా పోని చీర. లైటు వేసే ఉంది. "నాన్నా" అని గట్టిగానే పిలిచింది. వాడు పరుగెత్తుకొచ్చి తిన్నాడు.

నేను చీటీ చూపించాను. "నా పేరు రాయించాను అత్తయ్యా."

"మంచి పని సేసేవమ్మా" అంది, మనస్ఫూర్తిగా. తర్వాత దండెం వైపు చూసింది. "నా నీలం సీరేదీ?"

"ఉతకడానికి వేశాను."

వేయలేదు. అది నా బీరువాలో, నా పట్టుచీరల కింద, మడత పెట్టి ప్లాస్టిక్ కవర్లో ఉంది, వాసన పోకుండా. ఆవిడ రెండుమూడుసార్లు అడిగి, చాకలి పోగొట్టి ఉంటాడని మానేసింది. ఆవిడకి ఇంకా చాలా చీరలున్నాయి, ఏది కట్టినా వాడొస్తాడు. నాకు అదొక్కటే ఉంది.